కొమ్ము పెట్టనన్న తాత

కంది కోతల రోజుల్లో రాయికోడ్ ఆడవాళ్ల నడుములు పొద్దుగూకేసరికి కొయ్యబారేవి. నా చిన్నతనంలో మా అరుగు మీదికి కొమ్ము పెట్టే తాత వచ్చేవాడు. సంచిలో నున్నగా చెక్కిన ఆవుకొమ్ములు, కొసన సన్నటి బెజ్జం. వెడల్పు నోరు నడుము మీద ఆనించి, బెజ్జంలోంచి గాలి నోటితో పీల్చి, మైనంతో మూసేవాడు. లోపల చర్మం బూరెలా పొంగేది. తీశాక ఎర్రటి చక్రం మిగిలేది.

ఒకసారి మా చిన్నమ్మ నడుం నొప్పని కూర్చుంది. తాత ఆమె కంటి కింది రెప్ప లాగి చూశాడు. "బిడ్డ ఒంట్ల రక్తమే లేదు. నేను పెట్ట. దవాఖానకు తోల్కపోండ్రి" అన్నాడు. నానమ్మ ఇవ్వబోయిన జొన్నలు కూడా ముట్టలేదు.

ఈ విద్య పాతది. సుశ్రుతుడు వాతానికి కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి సొరబుర్ర అన్నాడు. 4వ శతాబ్దపు చైనా వైద్యుడు గె హోంగ్ కొమ్ము గురించి రాస్తూనే, కొన్ని రకాల గడ్డల మీద పెడితే ముప్పు తప్పదని హెచ్చరించాడు. చార్మినార్ పక్కన ఏడో నిజాం కట్టించిన యునానీ దవాఖానలో దీన్ని హిజామా అంటారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీది ఊదా చక్రాలతో ఊరూరా కప్పింగ్ అన్న మాట తెలిసింది.

కొమ్ము పోయి గాజు కప్పు వచ్చింది. లోపల మంట చూపి బోర్లిస్తారు. వేడిగాలి చల్లారి కుంచించుకుపోతే కప్పు చర్మాన్ని లాగుతుంది. ఆ మచ్చ బయటికొచ్చిన మలినం కాదు, చర్మం కింద చిట్లిన సన్నటి నాళాల నెత్తురు. మెడ, నడుం నొప్పులకు కొన్నాళ్లు ఉపశమనం ఉన్నట్టు కొన్ని పరీక్షల్లో కనిపించింది. గట్టి రుజువు మాత్రం ఇంకా లేదు.

మొన్న మా ఇంట్లో ఒకరు జహీరాబాద్ వెళ్లి కప్పింగ్ చేయించుకుంటానన్నారు. వద్దనలేదు. ఒక్కటే చెప్పాను: రక్తం పలచబరిచే మందులు వాడుతున్నావా, రక్తహీనత ఉందా, కడుపుతో ఉన్నావా అని వాళ్లు నిన్ను ముందే అడగాలి. గాటు పెట్టి నెత్తురు తీసేట్టయితే కొత్త బ్లేడు నీ కళ్లముందే విప్పాలి. ఇందులో ఏది చేయకపోయినా లేచి వచ్చెయ్.

చిన్నమ్మకు దవాఖానలో రక్తం ఎక్కించారు. ఆ తాత చేతిలో ఎందరి నొప్పి తగ్గిందో నాకు తెలియదు. ఆయన సంచి మూసి లేచిన ఆ సాయంత్రం వల్లే మా చిన్నమ్మ మాకు దక్కింది.