నెమలికంఠం రంగు

నెమలికంఠం రంగు ధర్మవరం చీరను దుకాణం లైటు కింద చూస్తే చాలదు. వాకిట్లోకి తెచ్చి ఎండలో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పాలి. ఇటు తిప్పితే నీలం పొంగుతుంది, అటు తిప్పితే ఆకుపచ్చ తేలుతుంది.

కిటుకంతా నేతలో ఉంది. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. నాడె అటూ ఇటూ పోయినప్పుడల్లా ఆ రెండూ లంబంగా ఒకదాన్నొకటి దాటుతాయి. నున్నటి దారం తన పొడవుకు అడ్డదిశలోనే వెలుగును ఎక్కువగా చిమ్ముతుంది. అందుకే మనం నిలబడ్డ చోటును బట్టి ఒకసారి పడుగుది పైచేయి, ఒకసారి పేకది. ఆ నునుపు ఊరికే రాదు. హిందూపురం, పెనుకొండ వైపు రైతులు మల్బరీ ఆకు మేపి తీసిన పట్టుగూళ్ల దారానికి జిగురు ఉంటుంది. సబ్బునీళ్లలో మరిగించి దాన్ని వదిలించాలి. జిగురు మిగిలిపోతే ఎంత మంచి రంగు అద్దినా మెరుపు రాదు.

అసలు నెమలి మెడ దారి వేరు. అక్కడ నీలంరంగు పదార్థమే లేదు. ఈకలోని అతిసన్నని అమరిక నుంచి వెనక్కొచ్చిన తరంగాలు కలిసి కొన్ని రంగులను పెంచుతాయి, కొన్నిటిని చంపుతాయి. అది వ్యతికరణం. చీరలో రెండు రంగులు పక్కపక్కనే ఉంటాయి, అంతే.

ఈ తేడా లేజర్ బల్ల మీద ఇంకా స్పష్టం. ఒకే లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి మళ్లీ కలిపితే తెర మీద వెలుగుచీకటి చారలు పడతాయి. కానీ ఒకదాని కంపనం నిలువుగా, రెండోదాని కంపనం అడ్డంగా ఉంటే, రెండూ ఒకే దారిన పోతున్నా చారలు రావు. ఫ్రెనెల్, అరాగో 1819లోనే ఈ నియమాన్ని ప్రకటించారు. చారలు కావాలంటే ఒక కిరణం దారిలో అర్ధతరంగ ఫలకం పెట్టి, దాన్ని 45 డిగ్రీలు తిప్పాలి. కంపనం 90 డిగ్రీలు తిరిగి జతకు వస్తుంది. లేదా రెండిటి ముందూ ఏటవాలుగా, ఒకే దిశ కంపనాన్ని దాటనిచ్చే పోలరాయిడ్ పెట్టవచ్చు. అప్పుడూ చారలు వస్తాయి, కానీ సగం వెలుగు పోతుంది.

మరి కంపనాలు పూర్తిగా లంబమూ కాని, పూర్తిగా ఒకటీ కాని కిరణాలు ఎప్పుడు అడుగు కలిపినట్టు? కలిపినప్పుడు వెలుగు ఎప్పుడు గరిష్ఠమైతే అప్పుడు. బెంగళూరులో, రామన్ పరిశోధనా సంస్థలో, ఎస్. పంచరత్నం 1956లో ఇచ్చిన జవాబిది. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. లెక్కలో ఇంత సూటిదనం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ బెంగళూరులో రైలెక్కితే హిందూపురం, పెనుకొండ దాటి ధర్మవరం వస్తుంది. అక్కడి ప్రతి బడిలో ఒక చిన్న ప్రయోగం చేయించాలని నా కోరిక. రెండు పోలరాయిడ్లను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే చీకటి. మధ్యలో ఒక్క పట్టుపోగును ఏటవాలుగా ఉంచండి. పోగు వెంట కంపించే వెలుగు, దానికి అడ్డంగా కంపించే వెలుగు వేర్వేరు వేగాలతో నడుస్తాయి గనక, ఆ పోగు ఒక్కటే చీకట్లో వెలుగుతుంది. పోగును నిలువుగా తిప్పితే మళ్లీ ఆరిపోతుంది.