గణితభాష : పావులూరి పద్యము, కరణముల గీఁత

గణితము ఆధునికలోకమునకు భాష యను మాట యిప్పుడు పాఠ్యపుస్తకముల పీఠికలయందును సభలయందును దఱచుగా వినవచ్చుచున్నది. ఈ మాటకు మూలపురుషుఁడుగాఁ జెప్పఁబడువాఁడు ఇటలీదేశీయుఁడగు గెలీలియో. అతఁడు 1623లోఁ బ్రకటించిన గ్రంథమొకదానియందుఁ, బ్రకృతి యను మహాగ్రంథము గణితభాషలో వ్రాయఁబడినదనియు, త్రిభుజములు, వృత్తములు మొదలగునవి దాని యక్షరములనియు నభిప్రాయపడెను. పిమ్మటివారు భాష యను మాటను గైకొని, అక్షరము లను మాటను విడిచిరి. ధ్వనికిని దాని గుఱుతునకును గల భేదమును నిత్యము పాఠము చెప్పు మన పండితులకు నీ విడుపు చిన్నదిగాఁ దోఁపరాదు. గణితము భాషయా, లిపియా యను ప్రశ్నమునకుఁ దెలుఁగువారి గణితచరిత్రమే తగిన సాక్ష్యము నిచ్చుచున్నదని నా తలంపు. ఆ సాక్ష్యము రెండుచోట్లఁ గలదు. ఒకటి పావులూరి మల్లన పద్యములందు. రెండవది కరణముల కవిలెకట్టలందు. మొదటిదానిని సాహిత్యచరిత్రకారులు చేపట్టిరి. రెండవదానిని అంతగాఁ బాటింపరైరి.

మల్లన కృతి సారసంగ్రహగణితము. లోకమున దానికిఁ బావులూరిగణిత మని ప్రసిద్ధి. అది మహావీరాచార్యుని గణితసారసంగ్రహమునకుఁ దెలుఁగు. మహావీరుఁడు జైనుఁడు; రాష్ట్రకూటుఁడగు అమోఘవర్షనృపతుంగుని కాలమువాఁడు, అనఁగా క్రీ. శ. 850 ప్రాంతమువాఁడు. ఆ సంస్కృతగ్రంథమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతోఁ జెన్నపురిలో 1912లోఁ బ్రకటించిరి. మల్లన కాలమును గూర్చి వివాదము కలదు. రాజరాజనరేంద్రునివలన నవఖండవాడను బడసినవాఁడు కవియే యని కొందఱును, కవి యాతని మనుమఁడని కొందఱును వాదింతురు. ఏ పక్షమైనను, తెలుఁగుకావ్యము వెలసిన కొలఁదికాలమునకే తెలుఁగుపద్యము లెక్కలు చెప్ప నేర్చినదనుట నిశ్చయము. ప్రస్తుతమున కంతియ చాలును.

చరిత్రకారులు మల్లనను బ్రశంసించు తీరు నాకుఁ దృప్తికరముగా లేదు. శాస్త్రమును బద్యముగాఁ గూర్చిన నేర్పరి యని యొక వాక్యము వ్రాసి ముందునకుఁ బోవుదురు. ఆ నేర్పులో విమర్శింపఁదగిన విషయ మిది: మహావీరుఁ డుదాహరణములందు జైనసంప్రదాయమును జొప్పించెను, మల్లన యా తావుల శైవమును నిలిపెను. నన్నయ భారతకథను సంక్షేపించినచోటను విస్తరించినచోటను గావ్యము మాఱినది. మల్లన దేవుని మార్చినను లెక్క మాఱలేదు. పూవులు జినాలయమునకుఁ బోయినను శివాలయమునకుఁ బోయినను వానిలో మూఁడవవంతు మూఁడవవంతే. అనువాదమున మాఱనిది యేదో యది గణితము, మాఱునది భాష. గణితమే యొక భాష యనువారు ముందుగా నీ యంశమునకు సమాధానము చెప్పవలెను.

పద్యము గణితమునకుఁ జేసిన యుపకారము సామాన్యమైనది కాదు. చంద్రుఁ డొకటి, నేత్రములు రెండు, అగ్నులు మూఁడు, వేదములు నాలుగు, బాణము లైదు, ఋతువు లాఱు, ఆకాశము సున్న: ఈ భూతసంఖ్యాపదములతో నెంతటి సంఖ్యనైనను ఛందస్సులో బిగింపవచ్చును. లేఖకుఁడు 3 వ్రాయుటకు మాఱుగా 8 వ్రాసినచోఁ బట్టుకొనువాఁడు లేఁడు. 'అగ్ని' యుండవలసినచోట 'గజము' వచ్చినచో యతియో గణమో పట్టియిచ్చును. తాటాకుపై వ్రాఁత చెడినను నోటిలోని సంఖ్య చెడకుండుట కిది గొప్ప కట్టుబాటు.

అయినను బద్యమున కొక హద్దు కలదు. మహావీరుఁడు హారమువలె నెటునుండి చూచినను నొక్కటిగా నుండు సంఖ్యలను గొన్నింటిని గట్టినాఁడు. 139ని 109చేఁ గుణింపఁగా 15151 వచ్చును. 152207ను 73చేఁ గుణింపఁగా నెనిమిది యొకట్లు వరుసగా నిలుచును. ఈ చమత్కారము చెవికిఁ దెలియునది కాదు. పదములను విని, వానిని అంకెలుగా మార్చి, పలకపై గుణించి చూచినవానికే హారము కనఁబడును. మఱియొక యుదాహరణము: సంఖ్యను శూన్యముచే భాగించినచో నది మాఱదని మహావీరుఁడు చెప్పెను. ఈ వాక్యము వినుట కింపుగానే యుండును, వ్యాకరణదోషము లేదు, ఛందోదోషము లేదు. గుఱుతులతో వ్రాసి చూచినచో నైదును సున్నచే భాగింపఁగా నైదైనయెడల, నైదును సున్నచే గుణింపఁగా నైదు కావలసి వచ్చును. దోషము తత్క్షణమే కంటఁబడును. వాక్యము తప్పును దాఁచిన చోట గుఱుతు దానిని బయటపెట్టినది.

మన పూర్వులీ సంగతి నెఱుఁగనివారు కారు. పాటీగణిత మను పేరే పలకనుండి వచ్చినది. ధూళికర్మ మను పేరు ధూళిపై వ్రాసి తుడుచుటనుండి వచ్చినది. అనఁగా శాస్త్రమున సగము శ్లోకమున నుండెను. తక్కిన సగము పలకపై నుండి, పని తీఱఁగానే చెఱిపివేయఁబడెను. మనకు మిగిలినది మొదటి సగమే. 1881లో బక్షాలీ గ్రామమున దొరకిన భూర్జపత్రప్రతివంటివి కొన్ని మాత్రము ఆ చెఱిపివేసిన సగ మెట్లుండెడిదో చూపుచున్నవి. అందు ఋణసంఖ్యకు గుఱుతు నేఁటి కూడికగుఱుతువలె నుండును! బీజగణితమున యావత్తావత్తు, కాలకము, నీలకము అను నజ్ఞాతరాశులను యా, కా, నీ యని తొలియక్షరములతో వ్రాసి, ఋణమునకుఁ బైనఁ జుక్క పెట్టెడివారు. ఇది లిపివైపునకు వేసిన పెద్ద యడుగు. అయినఁ దెలిసిన రాశికిఁ గూడ నక్షరము పెట్టవచ్చునను నూహ మనయందుఁ గానరాదు. దానిని 1591లో ఫ్రాన్సుదేశీయుఁడగు వియేత చేసెను. భేద మేమనఁగా, శ్రీధరుని వర్గసమీకరణసూత్రము, 'వర్గగుణకమును నాలుగింతలు చేసి రెండుపక్షములను గుణింపుము, మధ్యగుణకవర్గమును గలుపుము, మూలము తీయుము' అని యాజ్ఞాపించును. శిష్యుఁ డట్లే చేయును. రాశులన్నిటికి నక్షరములు పెట్టినప్పుడో, ఆ యాజ్ఞ యొక వస్తువై యెదుట నిలుచును. దానినే కూడవచ్చును, తీసివేయవచ్చును, తలక్రిందులు చేయవచ్చును. పద్యము విధిని జెప్పఁగలదు గాని విధినే రాశిగా నెత్తి చూపలేదు.

తెలుఁగువారిలో గుఱుతులతోడి గణితమే లేదా యన్నచోఁ గలదు. అది పండితుల యింట లేదు; కరణముల యింటఁ గలదు. పూర్వపు లెక్కలలో నొకటికి లోపలి భాగములను నాలుగేసి వంతులుగాఁ దెగఁగోసెడివారు. నాలుగవవంతు కాలు. కాలులో నాలుగవవంతు, అనఁగాఁ బదునాఱవవంతు, వీసము. వీసములో నాలుగవవంతు, అనఁగా నఱువదినాలుగవవంతు, కాని. రెండు కాళ్లు అర, మూఁడు ముప్పాతిక. రెండు వీసములు పరక, మూఁడు మువ్వీసము. కాళ్లకు నిలువుగీఁతలు, వీసములకు నడ్డగీఁతలు, ఆ క్రిందిస్థానమునకు మఱల నిలువుగీఁతలు. దిక్కు మార్చుటయే యిందలి తెలివి. అన్నియు నిలువుగీఁతలే యైనచో నొకస్థానపు గీఁత ప్రక్కస్థానములోఁ గలసిపోవును. (చీనావారి కడ్డీలెక్కయందును స్థానము మాఱిన కొలఁది నిట్లే దిక్కు మాఱును.) కాళ్లస్థానమున నేమియు లేనిచోఁ బెట్టు గుఱుతు హళ్ళి. 'హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న' యని నేఁటికిని అందఱును నందురు. అందు హళ్ళి యనఁగా నొక స్థానశూన్యచిహ్న మని యెఱిఁగి యనువారరుదు.

రూపాయికిఁ బదునా ఱణాలున్న కాలమున అణాయే వీసము, పావలాయే కాలు. ఏడణాలకు మూఁడణాలు కలుపవలసినచో: ఏడణా లనఁగా నొక నిలువుగీఁత, మూఁ డడ్డగీఁతలు, మూఁడణా లనఁగా మూఁ డడ్డగీఁతలు. చేర్పఁగా నొక నిలువు, ఆ ఱడ్డములు. నాలు గడ్డములను జెఱిపి యొక నిలువు వేసినచో రెండు నిలువులు, రెం డడ్డములు నిలుచును. అది యరయుఁ బరకయు, అనఁగాఁ బదణాలు. ఇందు నోటితోఁ బలుకవలసిన దేమియు లేదు. గీఁత తానే లెక్కించినది. మల్లన పద్యమున లేని గుణ మిదియే. ఐరోపావారి గణితము నాలుగైదు శతాబ్దములుగాఁ బెంచుకొనిన గుణము నిదియే. 1557లో రికార్డను వేల్సుదేశీయుఁడు సమానమునకు రెండు సమాంతరరేఖలను గుఱుతుగాఁ బెట్టెను. అంతకంటె సమానమగు జంట యుండదని యాతని హేతువు. న్యూటనుని చుక్కలను బట్టుకొని వ్రేలాడిన యాంగ్లేయులు లైబ్నిట్జుగుఱుతులను గైకొనిన ఖండాంతరవాసులకంటె వెనుకఁబడిరి. 1812లోఁ గేంబ్రిడ్జి విద్యార్థులు కొందఱు ఆ గుఱుతుల మార్పునకై యొక సంఘమునే స్థాపించిరి. గుఱుతు మంచిదైనచో బుద్ధికి సగము శ్రమ తగ్గును.

మన గీఁతల గతి వేఱు. 1957 ఏప్రిలు 1వ తేదిని దశాంశనాణెములు వచ్చెను. వీసములతోఁ బని తీఱెను. 1984లో నాంధ్రప్రదేశమునఁ గరణీకములును రద్దయ్యెను. కవిలెకట్టలు చాలయిండ్ల అటకలపైకిఁ బోయెను. 2008లో యూనికోడను నంతర్జాతీయలిపిసంకేతమున నీ గీఁతలకును హళ్ళికిని స్థానము లభించినది. పండితులు పట్టించుకొనని గుఱుతులను యంత్రముల కక్షరములు కూర్చువారు పట్టించుకొనిరి.

యంత్రముల మాట వచ్చినది గనుక నొక సంగతి. 1854లో బూలు తర్కమును రెండువిలువల బీజగణితముగాఁ గట్టెను. 1937లో షానను తన పరిశోధనవ్యాసమున విద్యుత్తుమీటల కూర్పున కా బీజగణితము సరిపోవునని చూపెను. నేఁటి గణనయంత్రములకు మూల మిదియే. గురులఘువుల ప్రస్తారమును, నష్టోద్దిష్టములను నెఱిఁగిన ఛందోవేత్తకు రెండు గుఱుతులతో సర్వమును లెక్కించుట క్రొత్తగాఁ దోఁపదు. మూఁడక్షరముల ప్రస్తారమున నెనిమిది గణములే యేల యని యాతఁడు విద్యార్థికిఁ జెప్పుచునే యున్నాఁడు. అంతమాత్రమునఁ బింగళుఁడే యంత్రమును గనుఁగొనె నని చెప్పుకొనుట తగదు. తెలుసుకొనఁదగిన విశేషము వేఱొకటి కలదు. యూనికోడున 'అ'కారమునకు 3077 అనియు, 'క'కారమునకు 3093 అనియు సంఖ్యలు కలవు. పూర్వము సంఖ్యను బదముగా మార్చి పద్యములోఁ బెట్టితిమి. నేఁడు పద్యములోని ప్రతియక్షరమును సంఖ్యగా మార్చి యంత్రములోఁ బెట్టుచున్నాము. భూతసంఖ్య తలక్రిందైనది.

ఇంతవఱకుఁ జెప్పినదానిని బట్టి గణితము లిపి, అందును లెక్కించు లిపి యని నా పక్షము. లిపికి నోరు లేదు. రెండు కూడిక మూఁడు సమాన మైదు అని గుఱుతులతో వ్రాసినదానిని దెలుఁగువాఁడు తెలుఁగున, అరవవాఁ డరవమునఁ జదువును. గుఱుతులు లోకమున కంతటికి నొక్కటే గనుక నే భాషలో బోధించినను నొక్కటియే యనియు, కాఁబట్టి యాంగ్లముననే బోధింపవచ్చుననియు వాదించువా రిచ్చటనే పొరపడుదురు. నోరు లేనిదానికి నో రీయవలసినది బాలుని భాష. ఆ నోరు సరిగా లేనిచో లిపి మూఁగ.

ఒక్క భిన్నమును జూడుఁడు. పైన మూఁడు, క్రింద నాలుగు. మన భాషలో దీనిని 'నాలుగింట మూఁడు' అందుము. మొత్తము నాలుగుగాఁ జేయఁబడిన దని ముందు చెప్పి, అందు మూఁడు తీసికొంటి మని పిదపఁ జెప్పుచున్నాము; భిన్నార్థ మంతయు నా సప్తమీవిభక్తిలోనే యున్నది. తెలుఁగుబడులలోఁ గూడ నిప్పుడు 'మూఁడు బై నాలుగు' అనుచున్నారు. అందు విభక్తియు లేదు, అర్థమును లేదు. కన్ను పైనుండి క్రిందికి దిగిన జాడ మాత్రము కలదు. బాలుఁడు మూఁటిని మూఁటితోను, నాలుగును నాలుగుతోను గూడివేయుట కీ చదువుతీ రొక కారణమని నా యనుమానము. 'నాలుగింట మూఁడు'నకు 'అయిదింట మూఁడు'ను గూడుమన్నచో, రెండును వేఱువేఱు కోఁతలని చెవియే హెచ్చరించును. పారిభాషికపదములను గూర్చియు నొకమాట. త్రికోణమితి మంచిపదము, విడఁదీసినచో నర్థము వచ్చును. అవకలనము, సమాకలనము అనునవి పలువురు విద్యార్థులకు ధ్వనులుగానే మిగిలిపోవుచున్నవి. పదము సంస్కృతమా, తెలుఁగా యనునది కాదు ప్రశ్నము. విడఁదీసినచో విద్యార్థికి నేదైనను దొరకునా యనునది.

వాక్యక్రమముననుండు చిక్కు ఇంకను సూక్ష్మమైనది. 'ప్రతిసంఖ్యకును దానికంటెఁ బెద్దదగు సంఖ్య యొకటి కలదు' అనునది సత్యము. 'ప్రతిసంఖ్యకంటెను బెద్దదగు సంఖ్య యొకటి కలదు' అనునది యసత్యము. పదము లించుమించుగా నవియే. షష్ఠి పోయి పంచమి వచ్చినది, 'దానికంటె' యన్నది తొలఁగినది. మొదటిదాన సంఖ్య మాఱినకొలఁది నా పెద్దసంఖ్యయు మాఱుచున్నది. రెండవదాన నొక్క సంఖ్యయే యన్నిటిని మించి కూర్చున్నది. పై తరగతుల గణితమున విద్యార్థులు తడఁబడుచోటులు పెక్కింట నీ భేదమే దాఁగియుండును. దీనిని గుఱుతులతో వ్రాయు పద్ధతి యున్నది. కాని యా గుఱుతుల క్రమ మేల మాఱినదో తెలుపవలసినది విభక్తి తెలిసిన యుపాధ్యాయుఁడు. ఈ రెండు వాక్యములను నల్లబల్లపై నొకదానిక్రింద నొకటి వ్రాసి, తెలుఁగుపండితుఁడును గణితోపాధ్యాయుఁడును గలసి యొక్క గంట పాఠము చెప్పినచో నెట్లుండునో పాఠశాలలవారు చేసి చూడవచ్చును.