అడుగున మిగిలేది

మా అమ్మ బియ్యం గాలించేటప్పుడు చప్పుడు రాదు. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, మణికట్టు మాత్రమే కదుపుతూ, బియ్యాన్ని కొద్దికొద్దిగా పక్క గిన్నెలోకి జారుస్తుంది. చివరికి అడుగున నాలుగు మట్టిబెడ్డలు, రెండు రాళ్లు మిగులుతాయి. వాటిని పెరట్లోకి విసిరేస్తుంది. ధర్మవరంలో నా చిన్నప్పుడు రోజూ చూసిన పని ఇది. ఈ జనవరిలో ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని డనోలీ దగ్గర అడవిలో, ఎండిన వాగు ఒడ్డున అమ్మ చేత అదే పని చేయించాం. ఈసారి పళ్లెంలో ఉన్నది వాగు మట్టి. వెతుకుతున్నది బంగారం.

మెల్‌బోర్న్ నుంచి డనోలీకి రెండున్నర గంటల దారి. అక్కడ జనవరి అంటే మన మే నెల. వాగుల్లో చుక్క నీరుండదు, అందుకే అప్పుడు వెళ్తాం. మిగతా కాలమంతా నీళ్ల కింద ఉండే అడుగుబండ ఎండల్లో బయటపడుతుంది. దాని పగుళ్లలో బంగారం దిగి ఉంటుంది. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, పలుగురాయి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. వరదలో పలుగురాయి దొర్లుకుంటూ పోతుంది. బంగారం మాత్రం ఉధృతి తగ్గిన చోట కూలబడి, ఇసుక సందుల్లోంచి కిందికి, ఇంకా కిందికి దిగుతుంది.

అందుకే మా పిల్లలకు నేను ముందు నేర్పింది, లేని నీటిని చూడడం. “ఇప్పుడు వరద వచ్చిందనుకోండి, ఇక్కడ ఎటు తిరుగుతుంది? ఎక్కడ అలిసిపోతుంది?” అని అడుగుతాను. వంపు లోపలి వైపు, పెద్ద బండ వెనక, ఒడ్డు చెట్ల వేళ్ల మధ్య. మా ధర్మవరం దగ్గరి చిత్రావతి నది ఎండిపోయినప్పుడు ఎక్కడ చెలమ తవ్వితే నీళ్లు ఊరతాయో మా తాత ఇసుకను చూసి చెప్పేవాడు. ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకోలేదన్న బాధ నాకు ఈ వాగులోకి దిగిన ప్రతిసారీ కలుగుతుంది.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. చిన్న గునపం, పాత చెంచా, గోడలకు రంగులేసే కుంచె, జల్లెడ, రెండు బక్కెట్లు. పగుల్లో మట్టిని చెంచాతో గీకి, చివరి ధూళిని కుంచెతో ఊడ్చి పోగుచేయాలి. ఆ చివరి ధూళిలోనే ఉంటుంది ఏమన్నా ఉంటే. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లను తొట్టిలో పోసి అందులోనే కడుగుతాం. పశ్చిమ ఆస్ట్రేలియాలో నీళ్లు బొత్తిగా దొరకని చోట పాతకాలం వాళ్లు మట్టిని గాలికి తూర్పారబట్టి బంగారం తీశారు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టిన వాళ్లకు ఆ పని ఎవరూ నేర్పక్కర్లేదు.

అమ్మ చేతికి పళ్లెం ఇచ్చాం. ఆ మణికట్టు కదలిక చూసి మేం ముగ్ధులమయ్యాం. మట్టి, సన్న ఇసుక ఒక్కో పొరగా అంచు దాటిపోయాయి. అడుగున చెంచాడు నల్లిసుక మిగిలింది. సరిగ్గా అక్కడ, అరవై ఏళ్ల అలవాటు కొద్దీ, అమ్మ ఆ మిగిలినదాన్ని పక్కన గడ్డిలోకి విసిరేసింది.

“అవ్వా! అదే కావాల్సింది!” అని మా చిన్నది కేకేసింది.

“అడుగున ఉండేది రాళ్లే గదమ్మా,” అంది అమ్మ, నిజంగానే కంగారుపడి.

పిల్లలిద్దరూ ఆ గడ్డి మొదళ్లను, కింది మట్టిని బక్కెట్లోకి ఎత్తారు. అమ్మే మళ్లీ గాలించింది. నల్లిసుక మీద అయస్కాంతం తిప్పితే చాలావరకు అంటుకుపోయింది. రెండు పసుపు నలుసులు మిగిలాయి, ఆవగింజలో సగం కూడా ఉండవు. ఎండలోనూ నీడలోనూ ఒకే రంగు. అభ్రకమైతే నీడలో మెరుపు పోతుంది.

ఆ పక్కనే మోలియాగుల్‌లో 1869 ఫిబ్రవరి 5న జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి, చెట్టు మొదట్లో, నేలకు 3 సెంటీమీటర్ల లోతున ‘వెల్కమ్ స్ట్రేంజర్’ అనే బంగారు ముద్ద దొరికింది. డనోలీలో దాన్ని తూచే త్రాసు లేక దాగలి మీద ముక్కలు చేశారు. అందులో బంగారమే దాదాపు 71 కిలోలు. ఈ కథ పిల్లలకు ఇంటికి వచ్చే దారిలోనే చెప్పాలని నా అభిప్రాయం. ముందే చెబితే రెండు నలుసులు వాళ్ల కంటికి ఆనవు.

తవ్వడానికి ‘మైనర్స్ రైట్’ అనే పత్రం ఉండాలి. పదేళ్లు చెల్లుతుంది. అమ్మ ఉండేది మూడు నెలలే అయినా ఆమె పేరిట కూడా తీసుకున్నాం. ఆ పత్రం ఊరికే పుట్టలేదు. తవ్వకాల లైసెన్సు రుసుము భరించలేక తిరగబడిన గనికార్మికులపై 1854 డిసెంబర్ 3న బల్లారట్‌లోని యురేకా దగ్గర సైనికులు, పోలీసులు దాడి చేశారు. ఎంతోమంది చనిపోయాక, మరుసటి ఏడు, ఏడాదికి ఒక పౌండుతో ఈ హక్కు వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లేవాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండాలి. ఆ నేల అంతకుముందు నుంచీ జా జా వురుంగ్ ప్రజలది. వాళ్ల రాతి పనిముట్లు కనిపిస్తే ముట్టుకోకూడదు.

వేసవిలో వెళ్లేవాళ్లకు మరికొన్ని మాటలు. తెల్లవారకముందే బయల్దేరండి, పదింటికల్లా పని ముగించండి. మంటలపై పూర్తి నిషేధం ప్రకటించిన రోజున అసలు వెళ్లకండి. బండల సందుల్లో బ్రౌన్ స్నేక్‌లుంటాయి, చేయి పెట్టేముందు కర్రతో తట్టండి. పొదల్లో మూతల్లేని పాత గనిగుంటలు ఉంటాయి, పిల్లల చేయి వదలకండి. పాత గనుల మట్టిలో ఆర్సెనిక్ ఉంటుంది, చేతులు కడగకుండా ఏమీ తినకండి.

ఇక గుంటలు. తవ్వినవన్నీ పూడ్చి రావడం ఆ పత్రం షరతు. ఆ రోజు మేం పదకొండు తవ్వాం. అమ్మ లెక్కపెట్టి మరీ పన్నెండు పూడ్పించింది. ఒకటి మాకంటే ముందు ఎవరో వదిలేసి పోయినది.