కరవు చిత్రాలు, చిత్రకారుని బాధ్యత

1943లో బెంగాల్ ప్రజలు వీధుల్లో రాలిపోతుండగా ప్రభుత్వం దానిని కరవని ప్రకటించనే లేదు. తర్వాత నియమించిన విచారణ సంఘం 15 లక్షల మంది మరణించారని లెక్క తేల్చింది. ఆ సంఖ్య సుమారు 30 లక్షల వరకు ఉంటుందని అనంతర పరిశోధకులలో పలువురి అభిప్రాయం. పాలకులు ఉచ్చరించడానికి నిరాకరించిన ఆ మాటను చిత్రకారులు కాగితంపై గీసి చూపారు. బాధితుల పక్షాన పలికే కళను అంచనా కట్టదలచిన వారికి ఈ చిత్రాలకు మించిన గీటురాయి మన దేశంలో అరుదు.

జైనుల్ ఆబిదీన్ అప్పటికి కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో యువ అధ్యాపకుడు. చవకరకం కాగితం, నల్లసిరా, కుంచె, ఇంతే ఆయన సామగ్రి. నేలపై ఒరిగిన తల్లి, ఎముకల గూడైన బిడ్డ, మెతుకు కోసం మనిషితో పోటీపడే కాకి, కుక్క. నేపథ్యం దాదాపు శూన్యం. జాలి పుట్టించాలని ఆయన ఒక్క కన్నీటి చుక్కనైనా అదనంగా చేర్చలేదు. ఆకలిగొన్నవాని పరువు కాపాడుతూనే అతని ఆకలిని చూపడం ఎంత కష్టమో ఆ గీతలు చూసినవారికి తెలుస్తుంది. 1970 తుపానులో మరణించిన వారిని స్మరిస్తూ 'మన్‌పురా 70' అనే పొడవాటి చుట్టచిత్రం వేసినదీ ఆ చేయే.

చిత్తప్రసాద్ పద్ధతి వేరు. మిడ్నపూర్ జిల్లాలో కాలినడకన తిరిగి, తాను గీసినవారి పేర్లు, ఊళ్లు కూడా నమోదు చేశాడు. ఆయన పుస్తకం 'హంగ్రీ బెంగాల్' ప్రతులు 5,000 ప్రభుత్వం స్వాధీనం చేసుకుని తగులబెట్టింది. ధాన్యం చేరవేయడంలో కనిపించని చురుకుదనం ఇక్కడ కనిపించింది మరి!

సినిమా విషయానికి వస్తే, అబ్బాస్ 'ధర్తీ కే లాల్' (1946)లో ఆవేశం పాలు హెచ్చు. సత్యజిత్ రాయ్ 'అశనీ సంకేత్' (1973) రంగులలో తీశారు. పచ్చని పొలాల నడుమ ఆకలి ఏమిటని కొందరు ఆక్షేపించారు గాని, ఆ ఆక్షేపణ నిలవదు. పంట పచ్చగా ఉండగానే మనుషులు చనిపోవడమే ఆ కరవులోని ఘోరం.

అసలు ప్రశ్న వేసినవాడు మృణాల్ సేన్. 'ఒక ఊరి కథ' (1977) ద్వారా మన తెలుగువారికి ఆయన పరిచితుడే. 'అకాలేర్ సంధానే' (1980)లో 1943 నాటి కరవును చిత్రీకరించడానికి ఒక సినిమా బృందం పల్లెకు వస్తుంది. వారి కొనుగోళ్లతో ఊళ్లో సరుకుల ధరలు పెరుగుతాయి. తీరిక వేళ కరవు ఫోటోలు పట్టుకుని, ఇది ఏ సంవత్సరానిదో చెప్పమంటూ ఆట ఆడుకుంటారు. మానం అమ్ముకోవలసి వచ్చిన స్త్రీ పాత్రకు ఊరి పిల్లలను అడిగేసరికి గ్రామం ఎదురు తిరుగుతుంది. బృందం స్టూడియోకు మరలుతుంది. పరుల బాధను కళగా మలచేవాడు వారికి ఏమి ఋణపడి ఉన్నాడన్న విచారణ ఇంత నిక్కచ్చిగా మరో భారతీయ చిత్రంలో నేను చూడలేదు.

అయినా ఒక లోటు చెప్పక తప్పదు. ఆ ఊరి దుర్గ, బృందం వద్ద పనిచేసిన పేదరాలు, నేటి కరవుకు ప్రత్యక్ష సాక్షి. బృందం సంశయాలకు దాదాపు రెండు గంటలు దక్కాయి. దుర్గ బిడ్డ చనిపోయాడని, భర్త జాడ లేదని మాత్రం చివర ఆమె ముఖంపై వినవచ్చే రెండు మాటలతో తెలుసుకుంటాము.