ఎస్‌కు ముందా, తర్వాతా?

ఈ వారం ఎక్కడ చూసినా మదర్స్ డే ప్రకటనలే. ఇంగ్లిష్‌లో అచ్చయిన వాటిలో అపాస్ట్రఫీ ఒకచోట ‘ఎస్’ అక్షరానికి ముందుంది, మరోచోట తర్వాతుంది, ఇంకోచోట అసలు లేదు. గుర్తుల విషయంలో నా పట్టింపు ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. కానీ ఇక్కడ పట్టింపు నాకంటే ముందు అన్నా జార్విస్‌ది. అమెరికాలో ఈ రోజు కోసం పోరాడిన ఆమె, గుర్తు ‘ఎస్’కు ముందే ఉండాలంది. ఏ ఇంటి పిల్లలు ఆ ఇంటి అమ్మను తలుచుకోవాలి తప్ప, లోకంలోని తల్లులందరికీ కలిపి జరిపే ఉత్సవం కాకూడదన్నది ఆమె ఉద్దేశం. 1914లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ప్రకటనలోనూ గుర్తు అక్కడే ఉంది. ‘మదర్’ అనే మామూలు మాట పేరులోకి ఎక్కేసరికి ఆ చిన్న గీతే ఒక్క అమ్మా, అందరమ్మలా అన్నది తేలుస్తుంది.

అలాగని ‘ఎస్’ కనబడ్డ ప్రతి పేరుకూ గుర్తు తగిలిస్తే సరిపోతుందా? సరిపోదు. 1954లో అమెరికాలో ఆర్మిస్టిస్ డేను వెటరన్స్ డేగా మార్చినప్పుడు అందులో గుర్తు పెట్టలేదు. అది మాజీ సైనికులకు చెందిన రోజు కాదు, వాళ్లను గౌరవించే రోజు అని అక్కడి ప్రభుత్వ శాఖ వివరణ. రీడర్స్ డైజెస్ట్‌లో గుర్తు ఉంది, పబ్లిషర్స్ వీక్లీలో లేదు. లండన్ మెట్రోలో పికడిల్లీ లైను ఎక్కితే ఎర్ల్స్ కోర్ట్ స్టేషన్‌కు గుర్తు ఉంటుంది, పక్క స్టేషన్ బారన్స్ కోర్ట్‌కు ఉండదు. వ్యాకరణం ఒక్కటే అయినా పేర్లు ఒక్కతీరుగా లేవు. పేరు పెట్టినవాళ్ల నిర్ణయం, వాడుక, ఈ రెండే అక్కడ చెల్లుతున్నాయి.

అసలు గుర్తే అక్కర్లేదని వాదించేవారున్నారు. తెలుగులో మదర్స్ డే, లేడీస్ హాస్టల్ అని గుర్తు లేకుండానే రాస్తున్నాం, ఎవరికీ అర్థం చెడలేదు కదా అంటారు. నిజమే, అర్థం చెడదు. 2012లో వాటర్‌స్టోన్స్ పుస్తకాల దుకాణం వెబ్ చిరునామాల కాలానికి ఇదే వీలని చెప్పి తన పేరులోని గుర్తును తీసేసింది. దాని మీద బ్రిటన్‌లో పెద్ద గగ్గోలే రేగింది. గుర్తు నిలవాలని ఎంతో కోరుకునే నాకు కూడా ఆ గగ్గోలు న్యాయంగా కనబడలేదు. పేరు వాళ్లది, కారణం చెప్పి మరీ మార్చుకున్నారు. ఒకరి పేరును మరొకరు దిద్దడమే నాకు మింగుడుపడనిది. జేమ్స్ జాయిస్ 1939 నాటి నవల ‘ఫినెగన్స్ వేక్’నే చూడండి. దానికి మూలమైన ఐరిష్ పాట పేరులో గుర్తుంది కాబట్టి అది ఒక్క ఫినెగన్ శవజాగరణే. జాయిస్ గుర్తు తీసేశాడు. దాంతో ఎందరో ఫినెగన్లు నిద్ర లేస్తున్నారన్న అర్థం కూడా అందులోకి వచ్చింది. తప్పు దిద్దుతున్నాననుకుని ఏ ప్రూఫ్‌రీడరైనా అక్కడ గుర్తు పెట్టాడంటే, ఆ ఫినెగన్లను మళ్లీ పడుకోబెట్టినట్టే.