పురుషోత్తమ చౌదరి కీర్తనలలో పశ్చాత్తాపము

బ్రాహ్మణకులమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు క్రైస్తవ కవులలో అగ్రగణ్యుడు. పల్లవి, చరణములు, రాగతాళములు గల దేశీయ కీర్తనరూపమునే ఆయన గ్రహించెను. అందుచే పాపి తన దోషము నొప్పుకొని దైవమును వేడు ఆ పాటలు రామదాసు కీర్తనలు వినిన చెవులకు క్రొత్తగా తోపవు. అయితే భేదమొకటి కలదు. రామదాసు దైవమును నిలదీయును. చౌదరి తన్ను తానే నిలదీసికొనును.

తెలుగు బైబిలులో పశ్చాత్తాపమునకు తోడు ‘మారుమనస్సు’ అను మాట గలదు. మొదటిది జరిగినదానికై వగచుట. రెండవది నడత మార్చుకొనుట. ఈ కీర్తనలలో మొదటిదానికి గల పుష్టి రెండవదానికి కొరవడెననక తప్పదు. ఆ కొరతను పాడువారే పూరింపవలెను. యెషయా 58వ అధ్యాయము ఆకలిగొన్నవారికి ఆహారము పంచుటయే నిజమైన ఉపవాసమనుచున్నది. మత్తయి 6వ అధ్యాయము ఉపవాస ప్రార్థనలను రహస్యముగా నుంచుమనుచున్నది.

శ్రమకాలపు నలువది దినములలో ఈ పాటలు మ్రోగును. అన్యభాషాసీమలలో తెలుగు లిపి యెరుగక పెరుగు బిడ్డలు రాగమునే పట్టుకొన్నచో, ఒప్పుకోలు కంఠముననే నిలిచిపోవును. కావున ముందు పదమునకు అర్థము చెప్పి, పిదప పాడించుట పెద్దల కర్తవ్యము.