తూర్జెలు దొరసాని స్మృతిగ్రంథము – విమర్శనము

ఒకరు తాము కన్నదానిని తామే వ్రాసిన గ్రంథమును పరీక్షించునపుడు విమర్శకుఁడు మూఁడు ప్రశ్నలు వేసికొనవలసియుండును. గ్రంథకర్త యే స్థానమున నిలిచి చూచెను? చూచినదానిలో నేది చెప్పెను, ఏది విడిచెను? చెప్పినదానికి ఇతరసాక్ష్యము గలదా? ఫ్రాన్సుదేశపు విప్లవమునుండి పుట్టిన స్మృతిగ్రంథములు పెక్కులు. వానిలో పదునాఱవ లూయీరాజు బిడ్డలకు సంరక్షకురాలైన తూర్జెలు దొరసాని గ్రంథము ఈ మూఁడు ప్రశ్నలకును నిలువఁదగినది. వరెన్ పలాయనకథకొక యాకరముగా మాత్రమే దానిని చదివినచో దాని విలువలో సగము జాఱిపోవును. అది ముఖ్యముగా నొక నియోగధర్మముయొక్క చరిత్రము.

ఆ నియోగమెట్టిదో ముందుగాఁ దెలియవలెను. ఫ్రెంచిరాజుల శిశువులను బెంచుటకు 'గువర్నాంతు' అను పదవి యుండెడిది. అది దాదిపని కాదు. పాలిచ్చుటకును ఉయ్యాల యూఁచుటకును వేఱు స్త్రీలుండిరి. అది మహాకులీనలకు మాత్రమే దక్కు నాస్థానపదవి. మగబిడ్డలు ఏడవయేఁట పురుషగురువులచేతికి వెళ్లుదాఁక వారి శయ్య, భోజనము, వినోదము, ప్రథమశిక్ష సర్వమును ఆమె యధీనము. బిడ్డకపాయము గలిగినచో రాజునకుత్తరవాది యామెయే. 1712 లో రాజకుటుంబమునఁ దట్టువ్యాధి ప్రబలి, తల్లియుఁ దండ్రియు నన్నయు నెలదినములలోపల గతింపఁగా, రెండేండ్ల పసివాఁడైన లూయీని రక్తము తీయఁజూచిన వైద్యులకప్పగింపక తనయొద్దనే యుంచుకొని కాపాడినది వాంతదూరు డచ్చెసు. ఆ బిడ్డయే పదునైదవ లూయీరాజై యామెను 'అమ్మ' యనియే పిలుచుచుండెను. ఈ పదవి కెంత గౌరవము గలదో, అంత భారమును గలదని దీనివలనఁ దేటపడును.

తూర్జెలు దొరసాని క్రీ. శ. 1749 లో పారిసునగరమునఁ గ్రోయీ వంశమున జన్మించెను. 1764 లో తూర్జెలు మార్క్వీసును బెండ్లాడెను. రాజాస్థానమున నున్నతాధికారియైన యాతఁడు 1786 లో వేఁటలోఁ గలిగిన ప్రమాదమున మరణించెను. మూఁడేండ్లు గడచునప్పటికి రాజ్యమే తలక్రిందులయ్యెను. 1789 జులై 14 న బాస్తీయు కోట పడిపోయిన వెంటనే, అదివఱకు సంరక్షకురాలుగా నున్న పొలిన్యాక్ డచ్చెసు రాజాజ్ఞచే దేశము విడిచెను. ఖాళీపడిన పదవికి రాణి మేరీ ఆంత్వానెత్తు ఈ వితంతువును బిలిపించెను. అంతకుముందు స్నేహమునకుఁ బిడ్డలనప్పగించిన రాణి, ఇపుడు శీలమునకప్పగించుచున్నానని పలికెనని ప్రసిద్ధి. పదవివలన లాభము తీఱి భయము మాత్రము మిగిలినపుడు ఈమె దానిని స్వీకరించెను. గ్రంథవిమర్శలో ఈ విషయము మఱవరాదు.

ఆ జులై చివరనే రాణి క్రొత్త సంరక్షకురాలికి బిడ్డల స్వభావమును వివరించుచు నొక లేఖ వ్రాసియిచ్చెను. అన్న మరణమువలన నప్పుడే యువరాజైన నాలుగేండ్ల కుమారునిగుఱించి యా తల్లి వ్రాసినది స్తోత్రము కాదు, పరీక్ష. బాలుని నరములు సుకుమారములు. అలవాటులేని చప్పుడునకు నులికిపడును. దాపున మొఱిగినందునఁ గుక్కలనిన భయము పట్టినది; ఆ భయమును బలవంతముగా మాన్పరాదు, బుద్ధి వచ్చినకొలఁది నదియే పోవును. మాటయిచ్చినచోఁ దప్పఁడు, కాని విన్నదానిని దాఁచుకొనలేఁడు. అబద్ధమాడవలెనను తలఁపు లేకయే, తన యూహకుఁ దోఁచినదానిని విన్నదానికిఁ జేర్చి చెప్పును. ఇదియే వాని పెద్దదోషము. దీనినే ముఖ్యముగా దిద్దవలెను. తన 'ఔను' 'కాదు' అను మాటలు మరలవని బిడ్డలకలవాటు చేసితిననియు, ఐనను వారి వయసునకుఁ దగిన కారణము ప్రతిదానికిని జెప్పుచుందుననియు రాణి తెలిపెను. విలాసప్రియ యని లోకము నిందించిన స్త్రీ వ్రాసిన లేఖ యిది. తూర్జెలు గ్రంథమునకిది పీఠికవంటిది. ఇందు దోషముగాఁ జెప్పఁబడిన యా యొక్క లక్షణము కథాంతమున నెట్లు పరిణమించెనో ముందు చూడఁగలము.

గ్రంథములో నుత్తమభాగములు సంరక్షకురాలు సంరక్షకురాలుగా మాటలాడినవి. 1789 అక్టోబరు 6 వ తేదీ వేకువను వెర్సాయి భవనముపైఁ బ్రజలు పడినపుడు ఆమె బాలుని రాజుగారి గదికిఁ జేర్చెను. ఆ దినమే కుటుంబమంతయుఁ బారిసునకుఁ దరలింపఁబడి, చిరకాలము రాజనివాసము లేని తుయిలరీ భవనమునఁ దిగెను. బాలుని గది తలుపులు సరిగా మూయరానివి. దొరసాని చేతికందిన సామానును వానికడ్డముగాఁ బేర్చి, బాలుని మంచముప్రక్కఁ దెల్లవాఱుదాఁక మేలుకొని కూర్చుండెను. ఈ ఘట్టమును జెప్పుటలో నామె యలంకారమేదియు వాడలేదు. తన ధైర్యమును బొగడుకొనలేదు. భయమును వర్ణింపక, తలుపునకు సామానడ్డుపెట్టుటను మాత్రము చెప్పుటచేతనే పాఠకునకు భయము గలుగుచున్నది. విభావమును జక్కఁగాఁ జూపినచో రసమును బేర్కొనఁ బనిలేదను మన యాలంకారికుల సిద్ధాంతమునకు, శాస్త్రము చదువని యీ విదేశస్త్రీ రచన లక్ష్యముగా నిలుచుచున్నది. శిక్షలో నామె మెత్తనిది కాదు. బాలుఁడామెకు 'కఠినురాలు' అను నర్థమిచ్చు పేరు పెట్టెను. ఐనను ఆ పిలుపులోఁ జనువే కాని వైరము లేదు.

రాణియొద్ద పరిచారికగా నుండిన కాంపాన్ దొరసాని స్మృతులతో దీనిని బోల్చి చూచిన భేదము తెలియును. కాంపాన్ చదివినది, బాలికల పాఠశాల నడపినది. ఆమె కథనమునకుఁ గూర్పును సొగసును గలవు. తూర్జెలు రచనలో నా సొగసు లేదు. దినచర్య పాఱుచున్నట్లు కథ సాఁగును. ముఖ్యామముఖ్యములు ప్రక్కప్రక్కనే యుండును. కాని కాంపాన్ రచనలో సభకుఁ జెప్పుచున్న కంఠము వినఁబడును; తూర్జెలు రచనలో న్యాయస్థానమునఁ బ్రమాణముచేసి చెప్పుచున్న కంఠము వినఁబడును.

ఆమె రాజకీయములకుఁ బూనినచోట్ల గ్రంథము దుర్బలము. ఆమె దృష్టిలో రాజు నిర్దోషి, ప్రతిపక్షులందఱును గుట్రదారులు. పారిసు స్త్రీలు వెర్సాయికి నడచివచ్చుటకు రొట్టెకఱవొక కారణమని, రాజ్యపు ఋణభారము తరతరముల పాపమని యామెకుఁ దోఁపదు. కుట్రచేత సర్వమును వివరించువానికిఁ గారణములను వెదకు పని తప్పును. కావున విప్లవకారణములను దెలియఁగోరువారు ఈ గ్రంథమునొద్దకుఁ బోరాదు. అంతఃపురపు గోడలోపలినుండి చూచిన కన్ను గోడకావల నున్నదానిని జూడలేదు. ఇది దోషమే, ఐనను స్థానమునుబట్టి వచ్చిన దోషము, కపటమునుబట్టి వచ్చినది కాదు.

ఇఁక నామెపై మోపఁబడిన ప్రధానాపవాదమును విచారింపవలెను. 1791 జూన్ 20 వ తేదీ రాత్రి రాజకుటుంబము మాఱువేషములతోఁ బారిసు విడిచి తూర్పుసరిహద్దునకుఁ బయనమయ్యెను. ఆ యేర్పాటులలో సేనాని బుయ్యే మార్క్వీసుది ముఖ్యపాత్ర. ఆపదలో నిశ్చయముగా వ్యవహరింపఁగల దగూ అను సైనికోద్యోగిని బండిలోఁ గూర్చుండఁబెట్టుకొనుఁడని తాను సూచించితిననియు, బిడ్డలను విడువని హక్కు తన పదవికిఁ గలదని సంరక్షకురాలు పట్టుపట్టఁగా నాతనికిఁ జోటు లేకపోయెననియు బుయ్యే తన స్మృతులలో వ్రాసెను. రాజు, రాణి, రాజసోదరి ఎలిజబెత్తు, ఇద్దఱు బిడ్డలు, తూర్జెలు – ఈ యార్గురతో బండి నిండెను. మఱునాఁటి రాత్రి వరెన్ గ్రామమున వారు పట్టువడిరి. ఆఱవ పీఠమున నొక యోధుఁడున్నచోఁ గథ వేఱుగా నుండెడిదని చెప్పువారు కలరు.

ఈ యపవాదమునందుఁ గొంత సత్యమును గొంత యన్యాయమును గలవు. ప్రయాణము చెడుటకు హేతువులనేకములు. బండి పెద్దది, నడక నెమ్మది. జాగువలన త్రోవలో నెదురుచూచుచున్న గుఱ్ఱపుదళము తొలఁగిపోయెను. సేంత్ మెనూ గ్రామమున తపాలాగుఱ్ఱముల యధికారి ద్రూయే రాజును గుఱ్తించి ముందునకుఁ బరుగిడెను. పీఠమెవరికని తీర్పుచెప్పు నధికారము రాజునకుండెను. ఆతఁడు సేవకురాలిని దిగుమని శాసింపలేకపోయినచో నా దౌర్బల్యము సేవకురాలిది కాదు. ఇంతవఱకు నామె నిర్దోషి. కాని నియోగము నక్షరముగాఁ బాటించుట వేఱు, దాని ప్రయోజనమును సాధించుట వేఱు. బిడ్డను విడువరాదను నియమము బిడ్డ క్షేమమునకే పుట్టినది. తన సాన్నిధ్యముకంటె వేఱొకరి సాన్నిధ్యమే యా రాత్రి బిడ్డకు మేలుచేయునేమో యను ప్రశ్నను ఆమె వేసికొన్నట్లు కానరాదు. వాంతదూరు డచ్చెసు గది తలుపు మూసి రాజును గాపాడెను, కాలము మాఱినది, తలుపు మూయుట చాలని దినములు వచ్చినవి. ఈ మార్పును గ్రహింపకుండుట యొక్క తూర్జెలు దోషమే కాదు, ఆ యాస్థానమంతటి దోషము.

పలాయనఘట్టముననే గ్రంథమందలి యుత్తమదృశ్యము గలదు. సంరక్షకురాలు బిడ్డలతో ముందుగా బయటికి వచ్చి, వీథిలో నాఁగిన బండిలోఁ దక్కినవారికై వేచియుండెను. యువరాజునకు బాలికవేషము వేసిరి, నాటకమాడఁబోవుచున్నామని వాఁడనుకొనెనఁట. నగరరక్షకదళమునకధిపతియైన లాఫయెత్తు బండి ప్రక్కనుండి పోవఁగా బాలుఁడామె యుడుపుల మాటున నడఁగి పండుకొని యుండెను. అనుమతిపత్రమును బట్టి తూర్జెలే యజమానురాలు, కోర్ఫు బారనెసు, రాణి యామె బిడ్డలకు సంరక్షకురాలు, రాజు సేవకుఁడు. అనఁగా నా యొక్క దినము రాణి తన బిడ్డల సంరక్షకురాలి పేర, సంరక్షకురాలు తల్లి పేరఁ బ్రయాణము చేసిరి. కవి కల్పించినచో నతిశయోక్తి యనిపించు నీ వ్యత్యాసమును దొరసాని యే వ్యాఖ్యానమును లేకయే చెప్పి విడిచెను.

1792 ఆగస్టు 10 న తుయిలరీ భవనము ముట్టడింపఁబడెను. దొరసాని రాజకుటుంబముతో శాసనసభకును, 13 వ తేదీని తాంపుల్ చెఱకును వెళ్లెను. ఆఱుదినములు గడచిన రాత్రి యామెను, ఆమె కూఁతురు పోలీనును, లాంబాల్ రాకుమారిని వేఱుచేసి లా ఫోర్సు చెఱసాలకుఁ గొనిపోయిరి. సెప్టెంబరు 3 న నచట లాంబాల్ చంపఁబడెను. తల్లియుఁ గూఁతురును బ్రదికి బయటపడిరి. అప్పటినుండి బాలుఁడామెకుఁ గానరాఁడు. గ్రంథమందు విమర్శకుని యాదరమునకుఁ బాత్రమైనది యీ లోపమే. తాను జూడనిదానిని జూచినట్లు వ్రాయుటకు, కన్నీటితోఁ బుటలు నింపుటకు నామెకెంతయో యవకాశముండెను. ఆమె యట్లు చేయలేదు.

ఆ చీఁకటిలో జరిగినదేమి? 1793 జులై 3 న బాలుని దల్లినుండి వేఱుచేసి సిమోన్ అను చెప్పులు కుట్టువానికప్పగించిరి. అక్టోబరులో, ఎనిమిదేండ్ల యా పసివానిచేతఁ దల్లికి విరుద్ధముగా ఘోరమైన వాఙ్మూలమునకుఁ జేవ్రాలు చేయించిరి. నాలుగేండ్లకు ముందు రాణి లేఖలో నెఱిఁగించిన దోషమేది? విన్నదానిని బలుకుట, అబద్ధమను తెలివిలేక దానికిఁ జేర్చుట. తల్లి దిద్దింపఁగోరిన యా బాల్యచాపల్యమునే శత్రువులు శస్త్రముగాఁ జేసికొనిరి. అక్టోబరు 16 న వధకుఁ బోవుటకు ముందు ఎలిజబెత్తునకు వ్రాసిన కడపటి లేఖలో రాణి, బిడ్డచేత నెవరికిఁ గావలసినది వారు పలికించుట సులభమనియు, తన యర్థము తెలియని మాటలైనను వాఁడు పలుకుననియుఁ దలఁచి క్షమింపుమని వేఁడెను. ఈ రెండు లేఖల నడుమ తూర్జెలు గ్రంథమును నిలిపి చదువవలెను. సంరక్షకురాలి పని శరీరరక్షణము మాత్రమే కాదు, బిడ్డ వాక్కునకు నిజమును నేర్పుట. ఆ పని సగములో నాఁగిపోయెనని యపుడు బోధపడును.

1795 జూన్ 8 న బాలుఁడు తాంపులులో మరణించెను. ఆ సంవత్సరమే దొరసానికిఁ జెఱలో నొంటరిగా మిగిలిన రాకుమారి మేరీ తెరేజును జూచుటకననుమతి దొరకెను. ఆమె యంతతో నూరకుండక బాలుని మరణమునుగుఱించి విచారణ చేసెను. శవపరీక్ష చేసిన వైద్యులలో నొకరిని బ్రశ్నించెను. తరువాత, తానే చెఱనుండి తప్పించుకొన్న యువరాజునని చెప్పుకొనువారు ఒకరివెంట నొకరు బయలుదేఱిరి. బిడ్డ బ్రదికియున్నాఁడని నమ్మఁ గోరుట కామెకంటెఁ గారణమెవరికిఁ గలదు? ఐనను బిడ్డ చనిపోయెననియే యామె సాక్ష్యమిచ్చెను. శవపరీక్షలో వైద్యుఁడు పెలెతాన్ తీసి దాఁచిన హృదయమును 2000 లో జన్యుశాస్త్రజ్ఞులు పరీక్షించి, అది మేరీ ఆంత్వానెత్తు మాతృవంశమునకుఁ జెందినదని తేల్చిరి. 2004 జూన్ 8 న దానిని సేన్ దెనీ రాజసమాధులలో నుంచిరి. దొరసాని యాశకు లోఁబడక చెప్పిన మాట రెండు శతాబ్దముల పిదప స్థిరపడెను.

ఆమెకు 1816 లో పదునెనిమిదవ లూయీ డచ్చెసు బిరుదమిచ్చెను. 1832 లో నామె మరణించెను. స్మృతులు 1883 లో దే కార్ డ్యూకుచే రెండు సంపుటములుగాఁ బ్రకటింపఁబడినవి. కూఁతురు పోలీను వ్రాసిన స్మృతులు అంతకు పూర్వమే, 1861 లో వెలువడియుండెను. రెంటిని బ్రక్కప్రక్కనుంచి చదువుట మేలు.

మొదట వేసిన మూఁడు ప్రశ్నలకు నుత్తరమిది. ఆమె నిలిచిన స్థానము బాలుని మంచముప్రక్క; అంతకు దూరమున నామె కన్ను చాలదు. చూచినదానినే చెప్పెను, రాజపక్షపాతముచేఁ గారణములను విడిచెను. సాక్ష్యములు గలవు, తల్లి లేఖలు గలవు, కడకు శాస్త్రము గూడ గలదు. రాజ్యచరిత్రకుఁ బ్రమాణముగా దీని తూఁకము తక్కువ. ఒక శిశువు జీవితమునకుఁ బ్రమాణముగా మిక్కిలి యెక్కువ. బోధకవృత్తియందున్నవారు దీనిని జదువునపుడు ఆ యాఱవ పీఠమును, ఆ తల్లి లేఖను గలిపి యాలోచింపవలెను. తమకప్పగింపఁబడిన బిడ్డను విడువకుండుట యెట్లు ధర్మమో, ఎపుడు విడువవలెనో యెఱుఁగుటయు నట్లే ధర్మము.